చూరు నీటికీ లెక్క ఉంది



రోజూ రెండు పూటలా మనం సంఘానికి పాలు పోస్తాము. కొలత చూసుకొంటాము, వెన్న శాతం చూసుకొంటాము, పాసుపుస్తకంలో అంకె సరిగా పడిందో లేదో చూసుకొంటాము. అర లీటరు తేడా వస్తే కార్యదర్శిని నిలదీస్తాము. కాని మన ఇంటి కప్పు మీద ఏడాదికి ఎంత వాన పడుతున్నది, అందులో ఎంత చూరు వెంట జారి వీధి పాలవుతున్నది అని అడిగితే చెప్పగలిగేవారు అరుదు. ఈ పాఠంలో ఆ లెక్క నేర్చుకొందాం.

అనంతపురం వైపు పల్లెలో ఒక సభ్యురాలు మమ్మల్ని ఇలా అడిగారు: "ఎండకాలం వస్తే మా బోరు గంటసేపు కూడా పోయదు సార్. మిద్దె మీద వాననీళ్లు పట్టుకుంటే మా రెండు ఎనుములకు గడుస్తాదా?"

గడవదమ్మా, అని చెప్పవలసి వచ్చింది. అయినా ఆ నీటిని పట్టవలసిందే అని కూడా చెప్పాము. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో ఆమెకు కాగితం మీద వేసి చూపించాము. ఆ లెక్కనే ఇక్కడ మీ అందరి ముందూ పెడుతున్నాము.

జమ: కప్పు మీద ఎంత పడుతుంది?

ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఇంతకంటె సులువైన సూత్రం లేదు. అడుగులు, అంగుళాల లెక్క అలవాటైన పెద్దలకు మరో విధంగా చెబుతాము. వంద చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన కురిస్తే సుమారు 236 లీటర్లు. అందులో కప్పు పీల్చుకొనేది, ఆవిరై పోయేది, చింది పోయేది, మొదట వదిలివేయవలసినది అంతా కలిసి అయిదో వంతు తీసివేయండి. చేతికి అందేది సుమారు 190 లీటర్లు. మన 40 లీటర్ల పాల క్యాన్లతో కొలిస్తే దాదాపు ఐదు క్యాన్లు.

కాబట్టి ఈ ఒక్కమాట గుర్తుంచుకొంటే చాలు: వంద చదరపు అడుగులకు, అంగుళం వానకు, ఐదు క్యాన్లు.

కప్పు కొలిచేటప్పుడు ఏటవాలు పొడవును కొలవకండి. కప్పు కింద నేల మీద ఎంత చోటు కప్పబడిందో దానినే కొలవండి. వాన పైనుంచి నిట్టనిలువుగా పడుతుంది కనుక లెక్కకు వచ్చేది ఆ చోటే.

అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 22 అంగుళాలు. తెలుగు నేలలో ఇంత తక్కువ వాన పడే చోటు మరొకటి లేదు. అందుకే ఆ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకొన్నాము. ఇక్కడ సాగిన లెక్క మిగతా జిల్లాలలో మరింత బాగా సాగుతుంది.

ఆ సభ్యురాలి ఇల్లు ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల సిమెంటు మిద్దె. చోటు 400 చదరపు అడుగులు. ఏడాదికి చేతికందే నీరు 16,000 లీటర్లకు కొంచెం పైన. అంటే 400 క్యాన్లు. వినడానికి పెద్ద అంకె. ఇక ఖర్చు చూద్దాం.

ఖర్చు: ఎవరు ఎంత తాగుతారు?

పాలిచ్చే గేదె కాలాన్ని, మేతను, పాల దిగుబడిని బట్టి రోజుకు సుమారు 40 నుంచి 70 లీటర్ల నీరు తాగుతుంది. ఎండిన చొప్ప మేసే వేసవిలో ఎక్కువ, పచ్చిమేత ఉన్నప్పుడు తక్కువ. గేదె పాలలోనే నూటికి 80 వంతులకు పైగా నీరు కదా! నీరు తగ్గితే పాలు తగ్గకుండా ఎలా ఉంటాయి? సగటున రోజుకు 60 లీటర్లు అనుకొందాం. ఒక్క గేదెకు ఏడాదికి 21,900 లీటర్లు. అంటే మిద్దె మీద పడిన మొత్తం నీరు ఒక్క గేదెకే చాలదు. రెండు గేదెలకు పడితే నాలుగున్నర నెలలలో చివరి చుక్క కూడా అయిపోతుంది.

ఇప్పుడు ఇంటివారి సంగతి చూద్దాం. ఐదుగురున్న కుటుంబానికి తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు చాలు. రోజుకు 25 లీటర్లు, ఏడాదికి 9,125 లీటర్లు. ఇది మిద్దె ఇచ్చే నీటిలో సగానికి కొంచెం ఎక్కువ, అంతే.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. గేదెకు చాలని నీరు, కుటుంబం మొత్తానికి ఏడాది పొడుగునా సరిపోయి ఇంకా మిగులుతుంది.

మన పెద్దలు ఈ సంగతి ఎరుగనివారు కారు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. అక్కడ 1369 నాటి శాసనం ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఆ రాతి మీద చెక్కించారు. నీరు కొద్దిగా ఉండి, దానిని నమ్ముకొన్న నేల విస్తారంగా ఉండడం ఆ దోషాలలో ఒకటి. మిద్దె నీటితో గేదెలను పోషించాలనుకోవడం సరిగ్గా ఆ దోషమే. నీరు కొద్ది అయినప్పుడు ముందు ఎవరికి అన్నది తేల్చుకోవాలి.

ముందు ఎవరికి?

మా సమాధానం: ముందు ఇంటివారి నోటికి, అందులోనూ పిల్లలకు. తరువాత పాల పాత్రలకు. ఆ తరువాతే పెరటికి.

పిల్లలకు ముందు అనడానికి గట్టి కారణం ఉన్నది. అనంతపురం, ప్రకాశం, నల్లగొండ ప్రాంతాలలో అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గారలు కడతాయి. ఫ్లోరైడు ఇంకా ఎక్కువగా ఉన్నచోట ఎముకలు, కీళ్లు బిగిసిపోతాయి. పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పట్టిన గార జీవితాంతం పోదు. పశువులకు కూడా ఈ బాధ తప్పదు. పళ్లు అరిగి మేత నమలలేవు, కుంటుతాయి, పాలు తగ్గుతాయి.

నీళ్లు కాచి తాగుతున్నాము కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ అది మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. అల్లం, సున్నం కాదు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడును దించే పద్ధతిని 1970లలో నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని మన జిల్లా పేరే పెట్టారు. అది మంచి పద్ధతే కాని మోతాదు తప్పకుండా చేయాలి. వాననీటిలోనైతే ఫ్లోరైడు దాదాపు ఉండదు. దానిని తీసివేసే పని లేదు, శుభ్రంగా పట్టుకొంటే చాలు.

పాల పాత్రలకు రెండో స్థానం ఇవ్వడానికీ కారణం ఉన్నది. బోరు నీరు చాలా చోట్ల చవ్వ నీరు. సబ్బు నురగ రాదు. అటువంటి నీటితో కడుగుతూ పోతే క్యాను లోపలి గోడకు తెల్లని గట్టి పొర పడుతుంది. క్రిములు ఆ పొరలో దాగి మరుసటి పూట పాలను విరగకొడతాయి. వాననీరు మెత్తని నీరు. కొద్ది సబ్బుకే నురగ వస్తుంది, పొర కట్టదు. అయితే కప్పు మీది నీటిలో పక్షుల రెట్టల వల్ల క్రిములు ఉండవచ్చు. కనుక కడుగుడు చివర పాత్రను తొలిచే నీరు తప్పక కాచినదై ఉండాలి.

ఏ కప్పు నీరు దేనికి?

సిమెంటు మిద్దె, పెంకుటిల్లు, ఇనుప రేకుల ఇల్లు: ఈ మూడింటి నీరు శుభ్రం చేసుకొని ఇంట్లో వాడుకోవచ్చు. రేకులకు రంగు వేసి ఉంటే, తుప్పు పట్టి ఉంటే తాగడానికి వద్దు.

మట్టి మిద్దె: మన సీమలో పైన చౌడు మట్టి పరుస్తారు. ఆ నీరు బురదగా, ఉప్పగా ఉంటుంది. తాగడానికి పనికిరాదు. ఇంకుడు గుంతకు మళ్లించండి.

బోద కొట్టం, తాటాకు పాక: నీరు పసుపు పచ్చగా, వాసనగా వస్తుంది. చెట్లకు పోయండి.

పాత సిమెంటు రేకులు: వీటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దోనె బిగించడానికని వీటిని కోయడం, తొలచడం, గీకడం చేయకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. ఈ నీటినీ చెట్లకే వాడండి.

పశువుల పాక: కప్పు ఏదైనా సరే, పేడ దుమ్ము, మేత ధూళి పడి ఉంటుంది కనుక ఇంటి వాడకానికి వద్దు.

తొలి నీరు వదలండి

ఇది పాఠంలో ముఖ్యమైన భాగం. మేము మొదటిసారి తొట్టి కట్టినప్పుడు తొలి వాన చూసిన సంబరంలో మొదటి ధారనే లోపలికి పెట్టాము. పది రోజులకు నీరు వాసన కొట్టింది. తొట్టి మొత్తం తోడి పారబోసి, అడుగు బురద ఎత్తి, సున్నం కొట్టి మళ్లీ వాన కోసం ఎదురు చూడవలసి వచ్చింది. ఆ ఏడు మళ్లీ మంచి వాన మూడు వారాలకు గాని రాలేదు.

కప్పు మీద చేరిన దుమ్ము, రెట్టలు, ఆకులు మొదటి మిల్లీమీటరు వానతో కొట్టుకు వస్తాయి. కనుక చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున మొదట వదిలివేయాలి. 400 చదరపు అడుగుల మిద్దె అంటే 37 చదరపు మీటర్లు. అంటే మొదటి 37 లీటర్లు వదలాలి. సరిగ్గా ఒక పాల క్యాను!

దీనికి మన దగ్గరే సాధనం ఉన్నది. సంఘంలో సొట్టలు పడి పాలకు పనికిరాదని పక్కన పెట్టిన క్యాను ఒకటి అడిగి తెచ్చుకోండి. మిద్దె నుంచి దిగే గొట్టానికి, తొట్టికి చేరకముందే ఒక టీ-జాయింటు వేసి, దాని కింది కొమ్మను క్యాను మూతికి గాలి చొరకుండా బిగించండి. మొదటి నీరు క్యానులోకి దిగుతుంది. అది నిండాక నీరు పక్క కొమ్మ గుండా తొట్టికి పోతుంది. క్యాను అడుగున చిన్న కుళాయి పెట్టించి, వాన వెలిసాక ఆ నీటిని చెట్టు మొదట్లోకి వదలండి. ఖాళీ చేయడం మరిచిపోతే వచ్చే వాన మురికి నేరుగా తొట్టిలోకే పోతుంది. వానకూ వానకూ నడుమ చాలా రోజుల ఎడం వస్తే మిద్దెను ఒకసారి చీపురుతో ఊడ్చండి.

తొట్టి ఎంత ఉండాలి?

తొట్టి కొలత వానను బట్టి కాదు, వాన లేని రోజులను బట్టి. అనంతపురం వైపు జూన్ నుంచి నవంబరు వరకు వానలు ఆగుతూ ఆగుతూ పడతాయి. సెప్టెంబరులో ఎక్కువ. డిసెంబరు నుంచి మే వరకు నమ్ముకోదగ్గ వాన లేదు. ఆ ఆరు నెలలు, అంటే 180 రోజులకు రోజుకు 25 లీటర్ల వంతున 4,500 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల తొట్టి చాలు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరుంపావు లోతు ఉంటే 5,000 లీటర్లు పడతాయి.

ఆ ఇంటి ఏడాది పద్దు ఇలా ఉంటుంది:

జమ: సుమారు 16,300 లీటర్లు.
ఖర్చు: వానల ఆరు నెలలలో తాగడానికి, వంటకు, పాల పాత్రలకు కలిపి రోజుకు 35 లీటర్ల చొప్పున సుమారు 6,400 లీటర్లు.
నిలువ: ఎండల ఆరు నెలలకు తాగడానికి, వంటకు 4,500 లీటర్లు.
మిగులు: సుమారు 5,400 లీటర్లు. ఇది పెరటికి, ఇంకుడు గుంతకు.

వాన సగమే పడిన కరువు ఏడాదిలో జమ 8,000 లీటర్లకు దిగుతుంది. అప్పుడు పాత్రల వంతు, పెరటి వంతు ఆపి, నోటి వంతు ఒక్కటే నిలుపుకోవాలి. అదీ ఏడాదికి వెయ్యి లీటర్లు తక్కువ పడుతుంది. ఎవరికి ముందు అన్నది మంచి ఏడాదిలోనే తేల్చుకొన్నవారికి కరువు ఏడాదిలో ఇంట్లో తగాదా రాదు.

ఇంటి తొట్టికి ఆరు దోషాలు

పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. ఇంటి తొట్టికి మేము చూసిన ఆరు దోషాలు ఇవి:

1. వెలుతురు చొరబడడం. ఎండ తగిలితే పాచి పడుతుంది. మూత బరువుగా, బిగువుగా ఉండాలి. పసిపిల్లలు ఎత్తలేనిదిగా ఉండాలి.

2. దోమ చొరబడడం. డెంగీ తెచ్చే దోమ నిలువ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజులలో గుడ్డు దోమ అవుతుంది. నీరు వచ్చే గొట్టానికి, పొర్లిపోయే గొట్టానికి కూడా సన్నని జాలీ కట్టాలి. పొర్లుగొట్టం సంగతి చాలామంది మరిచిపోతారు.

3. చెంబు ముంచడం. చేయి తగిలిన నీరు చెడుతుంది. కుళాయి గాని, చిన్న చేతిపంపు గాని పెట్టించండి.

4. పేడగుంతకు, మరుగుదొడ్డికి దగ్గర కావడం. నేలలో కట్టే తొట్టి వీటికి కనీసం 50 అడుగుల దూరంలో, మెరక మీద ఉండాలి.

5. బీట వారడం. ఎండిన తొట్టి బీట వారుతుంది. వేసవి చివర కూడా అడుగున కొంత నీరు ఉంచండి. కడిగే పని తొలకరికి ముందు పెట్టుకొని, ఆ రోజే బీటలు పూడ్చండి.

6. కాచకుండా తాగడం. తేటగా ఉన్నంత మాత్రాన నీరు శుద్ధమైనది కాదు. బుడబుడమని మరిగాక మరొక నిమిషం ఉంచి, దించి, మూతపెట్టి చల్లార్చి తాగండి. తొట్టిలో బ్లీచింగ్ పొడి వేయదలిస్తే మోతాదు ఆరోగ్య కార్యకర్తను అడిగి వేయండి.

పాక నీరు, పెరటి చెట్లు

పాక కప్పు చాలా ఇళ్లలో 300 చదరపు అడుగులకు తక్కువ ఉండదు. అంగుళం వానకు పదిహేను క్యాన్ల నీరు. దీనిని డ్రమ్ములోకి పట్టి, డ్రమ్ము నిండాక కాలువ తీసి అరటి, బొప్పాయి, మునగ, కరివేపాకు పాదులకు మళ్లించండి. పాక కడగడానికి కూడా డ్రమ్ము నీరు పనికివస్తుంది. కడిగిన పేడనీటిని పచ్చిగడ్డి మడికి పారించండి.

కూరగాయల పాదులకు కుండ పద్ధతి మంచిది. పూత పూయని మట్టికుండను మెడ వరకు నేలలో పాతి, చుట్టూ కాకర, బీర, సొర విత్తనాలు పెట్టండి. కుండలో నీరు పోసి మూత పెడితే గోడల గుండా చెమర్చి వేళ్లకు అందుతుంది. రెండు మూడు రోజులకొకసారి నింపితే చాలు. పశువులు తినగా మిగిలిన చొప్ప మోళ్లను పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుంది.

ఇంకా మిగిలిన నీటిని ఇంకుడు గుంతకు పంపండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంత తీసి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ముతక ఇసుక పోయండి. ఇంటి పునాదికి పది అడుగుల ఎడం ఉంచండి. పేడనీరు, కడుగునీరు దీనిలోకి రానీయవద్దు. ఆ నీరే రేపు ఊరి బోర్లలోకి చేరుతుంది. గేదెల దాహానికి మనం చేయగలిగిన సాయం ఇదే. ఒక్క ఇంటి గుంతతో బోరు నిండదు. ఊరంతా తవ్వితే నేలలో తేమ నిలుస్తుంది.

సంఘ భవనం సంగతి

పాల సేకరణ కేంద్రం కప్పు 600 చదరపు అడుగులు ఉంటే, అదే 22 అంగుళాల వానకు ఏడాదికి 24,000 లీటర్లకు పైగా నీరు వస్తుంది. సభ్యులకు చెప్పేముందు సంఘం చేసి చూపడం మర్యాద. వచ్చే కమిటీ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము. పాలు పోయడానికి వచ్చినవారు రోజూ రెండుసార్లు ఆ గొట్టాన్ని, ఆ క్యానును చూస్తారు. అంతకు మించిన పాఠం మేము కాగితం మీద చెప్పలేము.

మీ ఇంటి లెక్క మీరే వేయండి

1. మీ ఇంటి కప్పు కింద చోటు ఎన్ని వందల చదరపు అడుగులు?
2. మీ మండలంలో ఏడాదికి సగటున ఎన్ని అంగుళాల వాన?
3. ఆ రెండు అంకెలను హెచ్చవేసి, మళ్లీ ఐదుతో హెచ్చవేయండి. ఎన్ని క్యాన్లు?
4. ఇంట్లో ఎందరు? మనిషికి రోజుకు 5 లీటర్ల వంతున ఏడాదికి ఎన్ని క్యాన్లు?
5. మూడో అంకె పెద్దదా, నాలుగో అంకె పెద్దదా?

మమ్మల్ని అడిగిన సభ్యురాలు ఈ లెక్కను బడికి పోయే కూతురి చేత వేయించారు. మూడో అంకె 440, నాలుగోది 228 వచ్చింది. మనం ఐదు క్యాన్లని గుండుగుత్తగా, 22 అంగుళాలని నిండుగా అనుకొన్నందువల్ల మూడో అంకె కొంచెం ఎక్కువ చూపుతుంది. పదో వంతు తగ్గించుకొంటే సరిపోతుంది. "ఎనుములకు చాలకపోయినా, పాప తాగే నీళ్లకు దిగులు లేదన్న మాట" అన్నారామె. మేము చెప్పదలచిన పాఠం అంతా ఆ మాటలోనే ఉన్నది.

తొలకరి రాకముందే కొలత టేపు తీయండి.